నా పట్టీ కట్టుకుని పడిపోయిన మనిషి

మా బొగ్గు కంపెనీ ఆసుపత్రిలో నన్ను "మాలిష్ డాక్టరమ్మ" అని మొదట అన్నది ఎముకల డాక్టరు. నేను చేరిన వారంలోనే, క్యాంటీన్‌లో, నా చేతిలో చాయ్ గ్లాసు ఉండగా అన్నాడు. "ఇన్ని రోజులు మాలిష్ చేసేటోళ్ళు లేక తిప్పలైంది. ఇగ ఫికర్ లేదు, పెద్ద చదువు చదివిన మాలిష్ డాక్టరమ్మ వచ్చింది." బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నేను కూడా నవ్వానని తర్వాత ఒకావిడ నాతో వాదించింది. నవ్వలేదు. ఎవరు గట్టిగా నవ్వారో, ఎవరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారో ఇవాళ అడిగినా చెప్పగలను.

ఇలాంటివి నేను మరిచిపోను. మా నాన్న కోస్తా నుంచి సర్వేయరు ఉద్యోగానికి గోదావరిఖని వచ్చాడు. నేను కంపెనీ క్వార్టర్‌లోనే పుట్టాను. ఇక్కడి బడిలో నన్ను ఆంధ్రా పిల్ల అన్నారు. వేసవి సెలవులకు నాన్న వాళ్ళ ఊరు వెళ్తే పెదనాన్న కూతుళ్ళు బొగ్గుపిల్ల అన్నారు. నేను స్నానం చేసి బయటికి రాగానే తూము దగ్గరికి పరుగెత్తి, నీళ్ళు నల్లగా పోతున్నాయేమోనని చూశారు. ఆ అక్కల్లో ఒకామె ఇప్పుడు మోకాళ్ళ నొప్పులని నాకు ఫోను చేస్తుంటుంది. మందు చెబుతాను. తూము సంగతి కూడా గుర్తు చేస్తాను.

నాది పునరావాస వైద్యం. ఆపరేషను చేసినవాళ్ళు చేతులు కడుక్కుని వెళ్ళిపోయాక మా పని మొదలవుతుంది. పట్టు లేని చెయ్యి, వంగని మోకాలు, మాట వినని కాలు మా గదికి వస్తాయి. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమందిది ఒకటే బాధ. మోకాలి పక్కగా దిగే నరం నలిగిపోతే పాదం పైకి లేవదు. ఎముక అతుక్కుంటుంది, పుండు మానుతుంది, ఎక్స్‌రే శుభ్రంగా ఉంటుంది. అయినా అడుగు తీస్తే కాలివేళ్ళు నేలకు రాసుకుంటాయి. అవి తట్టుకుని పడకుండా మనిషి మోకాలు ఎత్తెత్తి వేస్తాడు, వాగులో నడుస్తున్నట్టు.

దీనికి హైదరాబాదు నుంచి ప్లాస్టిక్ పట్టీలు వస్తాయి. పిక్క వెనక నుంచి అరికాలి దాకా ఒకటే గట్టి ముక్క. దాని మీద బూటు వేసుకోవాలి. ఇక్కడ బూట్లు డ్యూటీలో వేసుకుంటారు గాని, ఇంటికి వచ్చినవాడు చెప్పులతో తిరుగుతాడు, కింద కూర్చుని తింటాడు, గొంతుకూర్చుని పళ్ళు తోముకుంటాడు. ఆ ప్లాస్టిక్ వంగదు. రామగుండం ఎండల్లో చర్మం ఉడికి పొక్కులొస్తాయి. నేను క్వార్టర్లకు వెళ్ళి చూసినప్పుడు ఆ పట్టీలు తలుపు వెనక మేకుకు వేలాడుతుండేవి. ఒక ఇంట్లో దానిలో దువ్వెనలు పెట్టుకున్నారు.

నేను పట్టీ తయారు చేయాలనుకున్నది ఆ దువ్వెనలు చూశాకే. నాకు కావల్సింది వంగాలి, వంగి మళ్ళీ తనంతట తాను లేవాలి. అలాంటిది మా చుట్టూ ఎప్పుడూ ఉంది. బొగ్గును మోసే బెల్టు పాతబడితే తుక్కు దుకాణానికి చేరుతుంది. ఈ ఊళ్ళో దాని ముక్క లేని ఇల్లు ఉండదు. గడప ముందు పట్టా అదే, సైకిలు మడ్గార్డు కింద వేలాడేదీ అదే. లోపల గట్టి గుడ్డ, పైన రబ్బరు, పొరలు పొరలుగా ఉంటుంది. ఒక పొర ఊడదీసి పిక్క వెనక నిలువుగా దించి, మడమ కింద నుంచి చెప్పులోకి పోనిస్తే పాదాన్ని ఎత్తి పట్టుకుంటుందని నాకు తోచింది.

మార్కెట్లో బండ్ల సీట్లు కుట్టే భాయ్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన నన్ను ఆపా అంటాడు, అంటే అక్కా అని. బెల్టు ముక్కను అటూ ఇటూ వంచి చూశాడు.

"ఆపా, ఇది మనిషికా, బుల్లెట్ బండికా?"

"మనిషికే."

"అట్లయితే మైలేజ్ గ్యారంటీ నేనియ్య."

ఆయన కుట్టేవాడు, నేను విప్పేదాన్ని. పిక్క దగ్గర ఒరుసుకుంటే మెత్తటి తోలు వేయించాను. మడమ జారితే మళ్ళీ కోయించాను. అట్లా నెలలు గడిచాయి. ఎముకల డాక్టరుకు సంగతి తెలిసి క్యాంటీన్‌లో ఇంకో మాట అన్నాడు. "చెప్పులు కుట్టుకునే పని దాకా వచ్చిందన్నమాట మెడికల్ సైన్సు." అది కూడా గుర్తుంది.

ఆ పట్టీని మొదటి నుంచి చివరి దాకా తన కాలి మీద మోసినవాడు ఒకడున్నాడు. బాయిలో, అంటే గనిలో, పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. పెద్ద పెళ్ళ ఒకటి ఊడి మోకాలి పక్కన పడింది. నా గదికి వచ్చినప్పుడు రెండు చేతుల్తో గోడ పట్టుకుని వచ్చాడు. నేను చేసిన ప్రతి పట్టీ ముందు అతనికే కట్టాను. పుండు పడిన రోజు కూడా మళ్ళీ తెమ్మన్నాడు గాని వద్దనలేదు. మొదట మేడం అనేవాడు. పట్టీ సరిగ్గా కుదిరి, గోడ వదిలేసి వరండా చివరి దాకా నడిచి వెనక్కి తిరిగిన రోజు, "చెల్లె, చూసినవా!" అని అరిచాడు. అప్పటి నుంచి నేను చెల్లెను, అతను అన్న. నాకు తోడబుట్టినవాళ్ళు లేరు. ఆ పిలుపును నేను పెద్దగానే పట్టించుకున్నాను.

వాళ్ళావిడ జొన్నరొట్టెలు, పచ్చిపులుసు పంపేది. కొత్త పేషెంట్లు భయపడితే అతనే వరండాలో గొంతుకూర్చుని లేచి చూపించేవాడు. "నీకేంది కాక, నాకంటె చిన్న దెబ్బ నీది. డాక్టరమ్మ పట్టి కట్టినంక నేను బతుకమ్మ ఆడుత, చూస్తవా?" అని ముసలివాళ్ళను నవ్వించేవాడు. అతన్ని చూసి కొందరు ధైర్యంగా పట్టీ కట్టుకున్నారు.

నేను ఆసుపత్రికి దరఖాస్తు పెట్టుకున్నాను. పట్టీలు చేయడానికి ఒక గది, ఒక మనిషి కావాలని. చాలా తిరిగాక కమిటీ వేశారు. మా పెద్ద డాక్టరు, ఎముకల డాక్టరు, ఆఫీసు నుంచి ఇద్దరు. వాళ్ళు ఒప్పుకుంటే గది వస్తుంది, ఇక్కడే కాదు, గోలేటిలో, కొత్తగూడెంలో ఉన్న పేషెంట్లకు కూడా నా పట్టీ అందుతుంది. ఒప్పుకోకపోతే, సొంతంగా చేసిన వస్తువును పేషెంటుకు కట్టడం అక్కడితో ఆపెయ్యాలి. అట్లా అని పెద్ద డాక్టరు ముందే చెప్పాడు. వాళ్ళ ముందు ఒక మనిషిని నడిపించి చూపించాలి. ఎవరిని నడిపించాలో నేను ఆలోచించనే లేదు.

ముందు రోజు అతన్ని పిలిచి చెప్పాను. "రేపు కొత్తగ ఏం చెయ్యద్దు అన్న. రోజు నడిచినట్టే నడువు. మలుపు తిరుగు, ఓసారి కూసోని లెవ్వు. అంతే."

"నడుస్త తియ్యి చెల్లె. పెండ్లిచూపులా ఏంది, గింత బుగులు పడుతున్నవు?"

నడిచి చూపించాడు. మడమ ముందు ఆనింది, తర్వాత వేళ్ళు ఆనాయి. దెబ్బ తగిలిన కాలు ఏదో చెబితే తప్ప తెలియదు.

మర్నాడు పొద్దున కమిటీ వాళ్ళు వరండాలో కుర్చీల్లో కూర్చున్నారు. అతను ఇస్త్రీ ప్యాంటు మడిచి, పట్టీ కట్టుకుని వచ్చాడు. నేను పట్టీ గురించి నాలుగు మాటలు చెప్పి, "నడువు అన్న," అన్నాను.

రెండో అడుగుకే తేడా కనిపించింది. పాదం లేవని మనిషి మోకాలు ఎత్తుతాడు. ఇతను కాలు మొత్తాన్ని కర్రలా బిగబట్టి, తుంటి నుంచి పక్కకి తిప్పి ఈడుస్తున్నాడు. అది పక్షవాతం వచ్చినవాళ్ళ నడక. నిన్న సాయంత్రం నుంచి ఇప్పటి లోపల ఇతనికి తలలో ఏదో అయిందనుకున్నాను. వరండా మధ్యకు వచ్చేసరికి తూలి, గోడకు చెయ్యి ఆనించబోయి, పడిపోయాడు.

పరుగెత్తాను. కమిటీని మరిచిపోయాను. నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని అతని మొఖం రెండు చేతుల్తో పట్టుకున్నాను. "అన్నా, నవ్వు, పండ్లు చూపియ్యి. రెండు చేతులు లేపు. నీ పేరు చెప్పు." మూతి వంకర పోలేదు. చేతులు రెండూ సమానంగా లేచాయి. మాట స్పష్టంగా ఉంది.

"ఏం కాలే మేడం," అన్నాడు.

మేడం అన్నాడు.

"మరి ఎట్ల పడ్డవు? నిన్న మంచిగ నడిచినవు గదా!"

అతను నా వైపు చూడలేదు. కుర్చీల వైపు చూస్తూ చెప్పాడు. "నిన్న గుడ నొప్పే సార్. ఎప్పటిసందో అయితాంది. మేడం మంచిది, కష్టపడి చేసింది. బాధైతదని ఓర్సుకుని నడిచిన. నాతోని అయితలేదు సార్."

ఎముకల డాక్టరు కాలు మీద కాలు తీసి ముందుకు వంగాడు. "అంటే ఇన్ని రోజులు మేడం మనసు కష్టపడద్దని నడిచినవా? శభాష్. డాక్టరు మందు పేషెంటుకు పనిచెయ్యలే గని, పేషెంటు మందు డాక్టరుకు మంచిగ పనిచేసింది." ఆఫీసు వాళ్ళిద్దరూ నవ్వారు. పెద్ద డాక్టరు నవ్వలేదు, అది నిజం, ఆయన్ని ఈ లెక్కలో కలపను. ఆయన లేచి నా దగ్గరికి వచ్చి, "అమ్మా, నీ ఉద్దేశం మంచిదే," అన్నాడు. ఆ మాట తర్వాత ఏం వస్తుందో తెలిసిందే. గది రాలేదు. పట్టీలు కట్టడం ఆపమన్నారు.

తర్వాత ఆ పట్టీని తెప్పించి కిటికీ దగ్గర పెట్టి అణువణువూ చూశాను. ఎక్కడా చీలలేదు, జారలేదు. అతని తరఫున నేనే సాకులు వెతికాను. అంతమంది అధికార్లను చూసి బెదిరిపోయాడనుకున్నాను. నిజంగానే నొప్పి ఉంటే నేనే కనిపెట్టలేకపోయానా అని అతని కాలి కేసు మళ్ళీ మొదటి నుంచి తలపోసుకున్నాను. పట్టీలో లోపం లేదని రూఢి అయ్యాక దాన్ని అతనికే తిరిగి పంపాను, అది లేకుండా ఎట్లా నడుస్తాడని.

ఆ నెలలోనే, ముందు ఇచ్చిన పట్టీలు ఒక్కొక్కటే వెనక్కి రావడం మొదలైంది. వద్దని ఎవరూ చెప్పరు. సంచీలో చుట్టి మా బల్ల మీద పెట్టి పోతారు. ఒక ముసలాయన్ని పట్టుకుని అడిగాను. బాగా నడుస్తున్నవు గద కాక, ఎందుకిస్తున్నవు అని.

"గదే గద బిడ్డా. మంచిగ నడుస్తె ఫిట్టు రాస్తరట."

ఈ బొగ్గు గనుల ఊళ్ళలో పుట్టిన పిల్లలకు అ ఆల కంటే ముందు తెలిసే మాట అన్‌ఫిట్. ఇక పని చెయ్యలేడని వైద్యుల బోర్డు తేలిస్తే తండ్రి ఇంటికి పోతాడు, ఆ ఉద్యోగం కొడుక్కి వస్తుంది. బయట చదువుకుని ఖాళీగా ఉన్న కొడుకున్న ఇంట్లో తండ్రి కాలు బాగవడం శుభవార్త కాదు. నాకు ఇది తెలియదా? నాతో చదువుకున్నవాళ్ళలో చాలామంది అట్లా వచ్చిన ఉద్యోగాల్లోనే ఉన్నారు. నేనెవరినీ తప్పుపట్టలేదు. కాని నా పట్టీని ఆ కంటితో చూస్తారని ఒక్కరోజు కూడా తట్టలేదు. నేను నడక ఇస్తున్నాననుకున్నాను. వాళ్ళకు అది కొడుకు నోటి ముందు కంచం లాగేసుకునే వస్తువులా కనిపించింది.

అప్పుడు కూడా అతన్ని అనుమానించలేదు. ఈ పుకారు విని చివరి నిమిషంలో భయపడి ఉంటాడని సరిపెట్టుకున్నాను.

కొన్నాళ్ళకు వాళ్ళావిడ మా ఇంటికి వచ్చింది. చేతిలో స్వీట్ల డబ్బా, చంకలో సంచి. కొడుక్కి ఉద్యోగం వచ్చిందట, బాయిలో దిగాడట. డబ్బా నా చేతిలో పెట్టి నా కాళ్ళకు దండం పెట్టబోయింది.

"అంత నీ పుణ్యమే డాక్టరమ్మా."

"నేనేం చేశానమ్మా?"

"అయ్యో, గట్లంటవేంది. గా దినం మీ మీటింగుల మా ఆయన పడ్డది ఎముకల సారు కండ్లార చూసిండు గదా. బోర్డుకు కాయిదం రాసేది ఆయననే. ఒక్క అడ్డం మాట గుడ పెట్టకుంట రాసిండు. మేం నెల ముందుగాల్నే అనుకున్నం, గా దినమైతె సారు తప్పకుంట ఉంటడు, మంచిగుంటదని."

ఆమె మోసగత్తె కాదు. నాకు తెలుసనే అనుకుంది. ఇంత పెద్ద సాయం తెలియకుండా ఎవరు చేస్తారని ఆమె లెక్క.

నెల ముందు. అంటే, పెండ్లిచూపులా అని నన్ను నవ్వించిన రోజుకి అన్నీ తేల్చుకునే ఉన్నాడు. ముందు రోజు నా కోసం మంచిగా నడిచింది, నేను ఇంకొకరిని వెతుక్కోకుండా ఉండేందుకు.

ఆమె సంచీలోంచి పట్టీ తీసింది. "పిక్క కాడ తోలు తెగింది. జర కుట్టియ్యరాదు?"

"ఆయన్ని రమ్మను," అన్నాను. స్వీట్ల డబ్బా తెరవకుండా ఆమె సంచీలోనే పెట్టాను. ఆమెకు కోపం వచ్చి ఉంటే ఉండవచ్చు.

ఆదివారం పగలు వచ్చాడు, క్వార్టర్ల వెనక సందులోంచి. పట్టీ కట్టుకుని నడువు అన్నాను. తెగిన తోలును తాడుతో బిగించి, మా వరండాలో అటు చివర నుంచి ఇటు చివరకు నడిచాడు. మడమ ముందు, తర్వాత వేళ్ళు. చూడటానికి నేను తప్ప ఎవరూ లేరు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తె ఒప్పుకుంటుంటివా చెల్లె?"

"ఒప్పుకునేదాన్ని కాదు. నిన్ను ఆపేదాన్ని కూడా కాదు. నీ కొడుకు నౌకరికి నేను అడ్డం వస్తనా? ఇంకొకలను నడిపించుకునేదాన్ని."

"ఇంకొకలను నడిపిస్తె నేను పడ్డది ఎవలు చూస్తరు?"

చాలా మామూలుగా అన్నాడు. గొంతు తగ్గించి, నచ్చజెబుతున్నట్టు ఇంకో మాట అన్నాడు.

"నీకు చెప్పకపోవుడే మంచిగైంది చెల్లె. నువ్వు ఉరికొచ్చి నా మొఖం పట్టుకుంటివి, పండ్లు చూపియ్యమంటివి. సారు నీ ఉరుకుడు చూసే నమ్మిండు. నీకు తెలిసి ఉంటె గట్ల ఉరుకుతుంటివా? నీకు నటన రాదు."

దాన్ని అతను మెచ్చుకోలు మాటగానే అన్నాడు. నా గురించి అంతకంటే మంచి మాట చెప్పాననే అనుకుని ఉంటాడు. క్యాంటీన్‌లో నన్ను నలుగురి ముందు అన్నవాళ్ళు చాలామంది ఉన్నారు గాని, నా కంగారును సాక్ష్యంగా వాడుకున్నవాడు ఇతనొక్కడే. ఆ రోజు నేల మీద కూర్చుని అతని మొఖం పట్టుకున్నప్పుడు నాకు నా గది గుర్తు లేదు, పట్టీ గుర్తు లేదు. అతను బతికుంటే చాలనుకున్నాను. అతని లెక్కలో అది కూడా ఉంది.

తోలు నేనే కుట్టించి ఇచ్చాను. పట్టీ లేకుండా పంపితే పడతాడు. దానికి నా మనసు ఒప్పుకోలేదు. ఇచ్చేముందు ఒకటి అడిగాను. "కొడుకు నౌకరి పక్కా అయినంక రా. వచ్చి ఆ కమిటీ ముందర ఒక్కసారి నడువు. అంతకు మించి నాకేమొద్దు. వచ్చేదాకా నన్ను చెల్లె అనకు."

"వస్త. మా అవ్వ తోడు."

రాలేదు. కొడుకు ఉద్యోగం పక్కా అయింది, నేను కనుక్కున్నాను. తర్వాత తండ్రి బాగా నడిచినంత మాత్రాన కొడుకు ఉద్యోగం పోదని తెలిసినవాళ్ళు చెప్పారు. ఆ కబురు కూడా పంపాను. అతను కమాన్‌పూర్ దగ్గర వాళ్ళ పొలానికి మారిపోయాడు. సీట్లు కుట్టే భాయ్ అటు పనికి వెళ్ళి వచ్చి చెప్పాడు. "ఆపా, మన పట్టీ పొలం గట్ల మీద చూసిన. మంచిగ ఉరుకుతాంది. నన్ను చూసి ఆగిపోయింది."

నేను రెండోసారి దరఖాస్తు పెట్టాను. నడిచి చూపించే మనిషి ఎవరు అని అడిగారు. ఫిట్టు రాస్తారన్న భయంతో పేషెంట్లు ఎవరూ ముందుకు రావడం లేదు. దరఖాస్తు అక్కడే ఉంది. ఎముకల డాక్టరు ఇప్పుడు నన్ను మాలిష్ డాక్టరమ్మ అనడం లేదు, నా ముందు వరండాలో కాలు ఈడుస్తూ రెండడుగులు వేసి చూపిస్తాడు.

అతని భార్య వారానికోసారి కూరగాయలకు ఇక్కడికే వస్తుంది. కనబడ్డప్పుడల్లా అడుగుతాను. మొదట్లో, వస్తడు డాక్టరమ్మా, కోతలైనంక వస్తడు అనేది. తర్వాత తర్వాత నన్ను చూస్తే దారి మార్చుకుంటోంది. పోయిన వారం టమాటాల దగ్గర ఎదురుపడ్డాం, తప్పించుకోలేకపోయింది.

"ఎప్పుడొస్తడు?"

"ఇంకెన్నిసార్లు అడుగుతవు? గింత పట్టు పడితె ఎట్ల? పోనియ్యరాదు!"

"ఆయన్ని పోనిచ్చిన గద. నా పట్టీని ఎట్ల పోనియ్యను?"

"ఎనుకకు నౌకరి గుంజుకుంటె ఎవలు దిక్కు మాకు?"

"గుంజుకోరు. కనుక్కున్న. నీకు గుడ చెప్పిన."

"చెప్పినవు గని..." అని ఆగి, తూకం వేసేవాడి వైపు తిరిగి జల్ది ఇవ్వమంది. సంచి భుజానికి ఎత్తుకుని, నాకు వీపు చూపించి, ఉల్లిగడ్డల వరసలోకి వెళ్ళిపోయింది.

నాకు ఆ రోజు ఉల్లిగడ్డలు అక్కర్లేదు. నేనూ ఆ వరసలోకే నడిచాను.